మేం ఒకపూట సముద్రపు ఆడవాళ్ళం

సముద్ర తీరాన్ని కాపాడే సంస్థ ఒకటి తార్నాకలో ఉంది. అపార్ట్‌మెంటు మూడో అంతస్తు, ఏసీ గది, కింద బిర్యానీ హోటలు. అక్కణ్ణించి సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి. అయినా తీరంలో చిత్తడి నేలలు బాగుచేయడానికి సర్కారు ఇచ్చే డబ్బు ముందు ఆ మెట్లే ఎక్కుతుంది. దిగేటప్పటికి చిక్కిపోతుంది.

నా మనవరాలు పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో చదువు ముగించి ఆ సంస్థలో చేరింది. నెలలో సగం తీరంలోనే ఉంటుంది. అక్కడి ఆడవాళ్ళతో కలిసి సంచుల్లో మడ మొక్కలు పెంచింది. మడ చెట్టంటే ఉప్పునీటి బురదలో బతికే చెట్టు. తుఫాను వస్తే ఊరికి ముందు అదే అడ్డం నిలబడుతుందట. వానలు ముదరక ముందే ఆ మొక్కల్ని బురదలో నాటాలి. పడవలు కావాలి, కూలీ ఇవ్వాలి. ఆ డబ్బు ఢిల్లీ నుంచి రావాలి. రాకపోతే మొక్కలు సంచుల్లోనే చస్తాయి. ఫోన్‌లో వాటి ఫొటోలు చూపించేటప్పుడు దాని ముఖం బాలింత ముఖంలా ఉండేది.

డబ్బు ఇచ్చే ముందు తీరపు ఆడవాళ్ళతో మాట్లాడతానని ఢిల్లీ అధికారి అన్నాడు. తీరానికే పోవచ్చు కదా? ఎండలట. అందుకని సంస్థవాళ్ళు క్యాంపస్‌లో ఒక హాలు అద్దెకు తీసుకున్నారు. శాలువాలు తెచ్చారు, పూలగుత్తులు తెచ్చారు, భోజనాలు చెప్పారు. తీరపు ఆడవాళ్ళకు రైలు టిక్కెట్లు తీయడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి వేళ మించిపోయింది, సంస్థ పెద్దసారు కన్ను లాలాపేట మీద పడింది. మా బస్తీలో సాయంత్రం పూట చదువు నేర్చుకునే ఆడవాళ్ళం కొందరం ఉన్నాం. మనవళ్ళు పుట్టాక నేను అక్షరాలు దిద్దింది అక్కడే.

మనవరాలే వచ్చి అడిగింది, తల వంచుకుని.

"నానమ్మా, మీ క్లాసోళ్లను తోల్కరావా? ఊకె కూసునుడే. భోజనం ఉన్నది."

"ఎవలమని కూసోవాలె?"

"ఎవలమని ఏంది? ఆడోళ్లని."

"ఆడోళ్లమే గదా. గది చెప్పనీకి మొఖం కిందికెందుకేసినవ్?"

"మొక్కలు సచ్చిపోతయ్ నానమ్మా. జర నోరు మూస్కొని కూసో. నీ కాళ్లు మొక్కుత."

పోయాం. గుమ్మంలో అందరికీ ఒకే రకం నీలి చీరలిచ్చి కట్టుకోమన్నారు. మా పక్కింటామె అంచు తడిమి చూసి, "ఒక్క ఉతుకుడుకే సముద్రమంత బకీట్లకొస్తది" అంది.

చదువు ఆలస్యంగా వచ్చినదాన్ని కాబట్టి కంటబడిందల్లా చదువుతాను. దుకాణాల బోర్డులు, మందు సీసాలు, ఏదీ వదలను. వేదిక వెనక బ్యానరు కూడబలుక్కుని చదివాను. తీర గ్రామాల మత్స్యకార మహిళలకు స్వాగతం అని ఉంది. వాళ్ళెక్కడున్నారా అని చుట్టూ చూశాను. ఆ తర్వాత నా ఒంటి మీది నీలి చీర చూసుకున్నాను.

ఇంగ్లీషు ఉపన్యాసాలు అయ్యాయి. ఢిల్లీ అధికారి నా వైపు వేలు చూపించాడు. పెద్దసారు మైకు పట్టుకొచ్చి, "అమ్మా, సముద్రం మీకు ఏమవుతుందో చెప్పమంటున్నారు" అన్నాడు. నోరు నవ్వుతోంది, కళ్ళు బతిమాలుతున్నాయి. మనవరాలు గోడ దగ్గర నిలబడి చున్నీ కొస నలుపుతోంది. దాని కోసం ఊరుకుందామనే అనుకున్నాను. కానీ సముద్రం నాకేమవుతుందని అబద్ధం చెప్పను?

"సార్, నాది లాలాపేట. సీతాఫల్‌మండి స్టేషన్ కాడ పండ్లమ్మిన. సముద్రం టీవీల జూసిన. మొక్కలు పెంచినోళ్లు గాడ ఉన్నరు. అడిగేదుంటే గాడికే పోయి అడుగుర్రి. పైసలు గూడ గాడనే ఇయ్యిర్రి."

మావాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దసారు మాత్రం కొంచెం కూడా తడబడలేదు. చెయ్యి గుండె మీద పెట్టుకుని ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. తెలుగు రాని ఆ అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని, వచ్చి నాకు శాలువా కప్పాడు. ఫొటో తీశారు.

బయటికొచ్చాక మనవరాలిని అడిగాను.

"ఏం జెప్పిండే వాడు?"

"సముద్రం నా తల్లి, దాని పైట చినిగింది, జర కుట్టుర్రి అన్నవంట."

"నేనా! మరి నువ్వెందుకు లేసి చెప్పలే?"

"మొక్కలు, నానమ్మా" అంది.

డబ్బు వచ్చింది. ముందు తార్నాక గదికి రంగులు వేశారు, సముద్రపు నీలం. తర్వాత నా ఫొటో అట్ట మీద వేసి ఒక పుస్తకం అచ్చేశారు. పడవల డబ్బు తీరం చేరేసరికి వానలు ముదిరాయి, సగం మొక్కలు కుళ్ళిపోయాయి. మిగిలినవైనా నాటిద్దామని మనవరాలు పరుగెత్తింది. అక్కడి ఆడవాళ్ళు గట్టు మీద కూర్చుని, మేం లేవం పొమ్మన్నారు. పుస్తకం వాళ్ళ చేతికి ముందే చేరింది.

మనవరాలు గట్టు మీది నుంచే ఫోన్ చేసింది. "ఈ బొమ్మల ఉన్నామె ఎవలని అడుగుతున్నరు. మా నానమ్మ అన్న. శాలువా కప్పుకున్నామెనే వచ్చి బురదల దిగుమంటున్నరు."

స్పీకరు పెట్టమన్నాను. "అమ్మా, తిట్టేదుంటే నన్ను దిట్టుర్రి. గా పిల్లను, మొక్కలను ఏమనకుర్రి. శాలువా మీదే. పంపిస్త."

గాలి చప్పుడులోంచి ఒక గొంతు, "ఓసోస్! మా బదులు ఈ తెలంగాణా ఆవిణ్ణా కూకోబెట్టారు? మాకంటే ఈవిడే బాగా తిట్టేలా ఉందే!" అంది. అందరూ నవ్వారు. "పంపించమ్మా, పీతల బుట్ట మీద కప్పుకుంటాం" అని ఇంకొకామె అంది. ఆ తర్వాత ఒక్కొక్కరే నీళ్ళలోకి దిగుతున్న చప్పుడు వినిపించింది.

మనవరాలు ఇంటికొచ్చి మళ్ళీ తీరానికి పోయేటప్పుడు శాలువా దాని సంచిలో పెట్టి పంపాను. సర్కారు ఖర్చులో చినగకుండా తీరం చేరింది, నాకు తెలిసి, అదొక్కటే.