ఆరున్నర కిలోలు

చొక్కాలకు కాలర్లు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ డ్రమ్మక్క అనేవారు. ఆ మాట వినపడగానే అందరికంటే ముందు తనే నవ్వేసేది. ముందుగా నవ్వేస్తే ఎదుటివాళ్ల నవ్వు అంతగా గుచ్చుకోదని చిన్నప్పుడే కనిపెట్టింది.

పెళ్లయిన పదకొండేళ్లకు, ముప్ఫై ఆరో ఏట నెల తప్పింది. భర్త బేకరీలో పొయ్యి దగ్గర పనిచేస్తాడు. కబురు వినగానే పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. ఆమె భుజాల మీద పది వేళ్లూ తెల్లగా అచ్చు పడ్డాయి.

ఆసుపత్రిలో బరువు తూచే మిషను వంద దగ్గరే ఆగిపోయింది. వరుసలో ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నర్సు మాత్రం నవ్వలేదు.

"పక్కవీధిలో పార్సిలు ఆఫీసుంది. అక్కడ తూచుకుని కాగితం మీద రాయించుకు రామ్మా," అంది.

పార్సిలు గుమస్తా మూటలు పక్కకు లాగించి చోటిచ్చాడు. "ఎక్కమ్మా, సిగ్గెందుకు? ఇది ఏనుగునైనా మోస్తుంది," అనేసి నాలిక్కరుచుకున్నాడు. ఆమె ఎప్పటిలాగే నవ్వేసింది. నూట ఆరు కిలోలు.

"ఇద్దరి తిండి తినకు," అంది డాక్టరమ్మ. "అలాగని కడుపు మాడ్చుకోకు. సన్నబడే పని ఇప్పుడు పెట్టుకోకు. నెలలు నిండేసరికి అయిదు కిలోలకీ తొమ్మిదికీ మధ్య పెరిగితే చాలు. కొంచెం కొంచెంగా తిను, రోజూ అరగంట నడువు."

మధ్యాహ్నం గంట కొట్టగానే ఆమె ఫ్యాక్టరీ గోడ వెంట నడిచేది. భర్త తెచ్చే తీపి బన్నులు ఇంటి గుమ్మం దాటనిచ్చేది కాదు. అది చూసి అత్తగారికి ఒళ్లు మండిపోయేది.

"చప్పిడి తిండి తిని నా మనవణ్ణి ఎండగడుతున్నావే!"

"డాక్టరమ్మ చెప్పింది అత్తయ్యా."

"ఆవిడెంతమందిని కందేంటి?"

అయిదో నెలలో బరువు మరీ పెరిగిపోతుందేమోనని భయం పట్టుకుని ఆమె సాయంత్రం తిండి మానేసింది. నెలంతా తూకం ముల్లు కదల్లేదు. మెచ్చుకుంటుందనుకున్న నర్సు గట్టిగా చీవాట్లు పెట్టింది. "నువ్వు మానేస్తే లోపలున్నదానికి ఏం అందుతుంది?" ఆ పూట నుంచే మళ్లీ తినసాగింది.

తొమ్మిదో నెల వచ్చేసరికి నూట పన్నెండున్నర. ఆరున్నర కిలోలు పెరిగింది. షుగరు లేదు, బీపీ లేదు. "నీలా మాట వినేవాళ్లు నలుగురుంటే నా పని సగం తేలికయ్యేది," అంది డాక్టరమ్మ. ఆ రోజు ఆమె నేల మీద నడవలేదు, గాల్లో తేలుతూ ఇంటికొచ్చింది.

తర్వాతి గురువారం కుడుతూ కుడుతూ ఉన్నట్టుండి చెయ్యి ఆపేసింది. మిషను చప్పుడుకు రోజూ తన్నే బిడ్డ పొద్దుటి నుంచి కదల్లేదు. పని అక్కడే వదిలేసి ఆసుపత్రికి వెళ్లింది. నర్సు ఆమె పొట్ట మీద బిడ్డ గుండె చప్పుడు వినే యంత్రం పెట్టి ఇటు జరిపింది, అటు జరిపింది. ఎంతకీ ఏమీ వినపడలేదు.

"ఒళ్లెక్కువ కదమ్మా, అందుకే వినపడట్లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కండి," అందామె. నర్సు నొక్కింది. డాక్టరమ్మ కూడా వచ్చి స్కాను చేసి చూసింది. తెరను మెల్లగా పక్కకు తిప్పేసింది.

పుట్టింది ఆడపిల్ల. చక్కగా, నిద్రపోతున్నట్టే ఉంది. ఏడుపే లేదు.

"కడుపునిండా తిననిచ్చుంటే దక్కేది," అని అత్తగారు గోడకు చెప్పుకుని ఏడ్చింది. "అంత ఒళ్లేసుకుంటే బిడ్డెలా నిలుస్తుంది?" అంది చూడవచ్చిన పక్కింటావిడ. భర్తకు రోజూ ఒకటే పని: బేకరీకి వెళ్లడం, రావడం, గోడవైపు తిరిగి పడుకోవడం.

నెల తర్వాత ఆమె డాక్టరమ్మను అడిగింది. "నేనేం తప్పు చేశానమ్మా?"

"ఏ తప్పూ చెయ్యలేదు. బరువెక్కువున్నవాళ్లకి ఈ ప్రమాదం కొంత ఎక్కువే, అబద్ధం చెప్పను. కానీ ఎందుకిలా అయిందో పరీక్షల్లో తేల్లేదు. నీ చేతిలో ఉన్నదంతా నువ్వు చేశావు."

బయటి బల్ల మీద చాలాసేపు కూర్చుంది. తప్పంటూ ఒకటి ఉంటే దిద్దుకోవచ్చు. ఏ తప్పూ లేదంటే ఇంక దిద్దుకోవడానికేముంది?

సోమవారం పనిలోకి వెళ్లింది. అక్కడ ఇప్పుడెవరూ ఆమెను డ్రమ్మక్క అనడం లేదు, అసలు పలకరించడమే తగ్గించారు. మధ్యాహ్నం గంట కొట్టినప్పుడు అందరూ లేచారు. ఆమె లేవకుండా ఇంకో కాలరు అందుకుంది.