మంచంకోడులో నాలుగు కోలలు

నా చిన్నప్పుడు, మా అమ్మ చనిపోయిన ఏడాది, నాయన నన్ను నవాబుపేట దగ్గరి మా ఊరి నుంచి తాండూరు తీసుకొచ్చి నాయనమ్మ ఇంట్లో వదిలి, పొలం పనులున్నాయని వెనక్కి వెళ్లిపోయాడు. ఆ ఇంట్లో నాయనమ్మకు ఎప్పుడూ కేకలే, మా మేనత్తకు ఎప్పుడూ పనే. నాతో మాట్లాడే తీరిక ఇద్దరికీ లేదు. సాయంత్రమైతే వీధిలో ఆడపిల్లలు కోలాటం ఆడేవాళ్లు. ఎవరి జత వాళ్లకు ముందే కుదిరిపోయింది. నేను అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. ఏడుపొచ్చేది గానీ నేను మొండిఘటాన్ని, ఏడ్చేదాన్ని కాదు.

ఒకరోజు మంచంకోడు పై కొస విరిగితే నాయనమ్మ దాన్నిచ్చి నన్ను ఖరాదు తాత దగ్గరికి పంపింది. ఆయన మా వీధి చివర మంచంకోళ్లు, బొంగరాలు చేసే ముసలాయన. కట్టెకు తాడు చుట్టి కమానుతో అటూ ఇటూ లాగుతుంటే అది గిర్రున తిరిగేది, ఉలి ఆనిస్తే పొట్టు రాలేది. కొత్త కోడు తయారయ్యాక, ఆ పాతదానితో నేనొక్కదాన్నే వాయించుకునేది ఏమన్నా చేసియ్యమని అడిగాను. ఒక్కదానివే ఎందుకన్నాడు. నాతో ఆడేటోళ్లు ఎవరూ లేరన్నాను. రేపు రమ్మన్నాడు.

మర్నాడు పోతే, విరిగిన కొస కోసేసి, మిగిలినదాన్ని నిలువునా చీల్చి, నున్నగా తిప్పి నాలుగు కోలలు చేసిపెట్టాడు. ఒక్కోదాని చివర గాడి తీసి, పాత నూనెడబ్బా రేకు బిళ్లలు మేకుకు గుచ్చాడు. కదిపితే చాలు, గల్లుమనేవి. నాకు మాత్రం కోపమొచ్చింది.

"ఒక్కదాన్నే అన్న గద తాతా, నాలుగెందుకు?"

"రెండు నీయి బిడ్డా. గా రెండు ఎవరియో జర ఎతుక్కో పో."

వీధి పిల్లల దగ్గరికి తీసుకెళ్తే, మాకున్నయి పో అన్నారు. తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి పెరట్లో ఒక్కదాన్నే రెండు కోలలు కొట్టుకుంటూ కూర్చున్నాను. అత్త పక్కనే కందులు చెరుగుతోంది. కాసేపటికి గమనించాను, నా కోల పడ్డప్పుడల్లా ఆమె చాట కూడా పడుతోంది. నేను వేగం పెంచితే చాటా పెంచింది. మిగిలిన రెండు కోలలు తెచ్చి ఆమె ముందు పెట్టాను.

అత్త చాట పక్కన పెట్టింది. నాయనమ్మ బజారుకు పోయింది. అత్త లేచి వీధి తలుపు గొళ్లెం పెట్టి, కొంగు బిగించి కోలలు అందుకుంది. వీధిలో పిల్లలెవరూ ఆమె ముందు నిలబడలేరు, అంత బాగా ఆడింది. నేను దెబ్బ తప్పితే ఆమె కోలే వచ్చి నా కోలను అందుకునేది. ఆడుతూ ఆడుతూ ఏడ్చింది గానీ ఆట ఆపలేదు.

బయట నాయనమ్మ పిలుపు వినపడగానే కోలలు గంప వెనక దాచేసింది. "చెప్పకు బిడ్డా. మీ మామయ్య పోయినంక నన్ను బతుకమ్మకు గిట్ల పోనియ్యరు. ఆడిన్నని తెలిస్తే ఊకోరు" అంది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

ఆ ఇంట్లో నేనొక్కదాన్నే అనుకుని ఎన్నాళ్లు ముఖం ముడుచుకుని కూర్చున్నానో. నాకంటే ముందు నుంచి, అదే పెరట్లో, అత్త ఒక్కతే ఉంది. ఇప్పుడు నాకు వయసు మీద పడింది, ఇల్లంతా బోసిపోయింది. దిగులేసినప్పుడు నన్నెవరైనా పలకరిస్తారేమోనని ఎదురుచూడను. లేచి, ఇరుగుపొరుగున ఎవరి గొంతు వినపడడం లేదో చూడడానికి పోతాను.