పొట్టి పుంజు సంతానం

మా తాత భోజన్న దొంగతనంగా గొయ్యి తవ్వుతున్నాడని మొదట పసిగట్టింది నేనే. సౌదీలో హఫర్ అల్ బాతిన్ ఊరు దాటాక ఇసుకలో ఉంటుంది మా కఫీల్ మజ్రా. కఫీల్ అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని. మజ్రా అంటే మావాళ్లు పెద్ద తోట అనుకుంటారు. నాలుగు ఖర్జూరం చెట్లు, గొర్రెల దొడ్డి, కోళ్ల షెడ్డు, ఒక నీళ్ల ట్యాంకు, అంతే. కోళ్లు తాతవి, గొర్రెలు నావి. షెడ్డు వెనక మూలన గోనెసంచులు అడ్డం కట్టి మరీ తవ్వుతున్నాడు ముసలాయన.

"ఏంది తాతా అది?"

"ఏం లేదు. నీ గొర్ల కాడికి నువ్వు పో."

ఏం లేనిదానికి సంచులెందుకు? సారా కాస్తున్నాడేమోనని వాసన చూశాను. రాలేదు. బంగారం పాతిపెడుతున్నాడా అంటే, తాత దగ్గరున్న బంగారమంతా ముందు పన్నుకున్న తొడుగే.

నీళ్ల ట్యాంకర్ తోలే కడప అబ్దుల్ ఖాదర్‌కు చెబితే అతను నాకంటే ఎక్కువ అనుమానపడ్డాడు. "ఖురూజ్ కొడతారని తెలిసినోడు ఊరికే గుంత తవ్వుతాడా అబ్బోడా? మీ తాత ఏందో దాస్తాండాడు."

ఖురూజ్ అంటే మళ్లీ రాకుండా ఇంటికి పంపే ముద్ర, ఆ మాట నిజమే. అవి లెవీ రోజులు. కంపెనీల్లో ఇంతమంది సౌదీవాళ్లు ఉండాల్సిందేనన్న నితాఖాత్ చట్టం వచ్చిన ఏడే చుట్టుపక్కల మజ్రాల్లో సగం మంది ఇంటిదారి పట్టారు. మిగిలినవాళ్లకు తలకింత అని కఫీల్ కట్టాల్సిన లెవీ పన్ను పడింది. మా ఇద్దరి ఇఖామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, కఫీల్ అబూ నాసిర్ బిల్డింగు కంపెనీ మీద ఉన్నాయి. కాగితంలో తాత మేస్త్రీ, నేను పెయింటర్. ఈసారి ఇద్దరిలో ఒకరికే రెన్యువల్ అని ఆయన కొడుకు నాసిర్ తేల్చి చెప్పాడు. వెళ్లేది తాతేనని మజ్రాలో గొర్రెలకు కూడా తెలుసు.

తాతకు మాత్రం వెళ్లాలని లేదు. "ఈ వయసుల పోతే మళ్ల నాకు వీసా ఎవడిస్తడ్రా? ఇంట్ల కూసొని మీ అవ్వతోని తిట్లు తినాల్నా?" అనేవాడు.

తాతను నిలబెట్టగలిగింది ఒక్కటే, అబూ నాసిర్ కోళ్ల పిచ్చి. ఆయన దగ్గర కాళ్ల నిండా ఈకలున్న పెద్దజాతి కోళ్లు ఉండేవి, ఒక్కొక్కటి మేకపిల్లంత. ఇంకో గంపలో గుప్పెడంత పొట్టి కోళ్లు. ఈ రెండూ కలిపి, కాళ్లకు ఈకలుండి అరచేతిలో పట్టే కోళ్లు పుట్టించమన్నాడు. తాత సరేనన్నాడు. అడిగింది ఏదైనా సరే అనేయడం ఆయనకు అలవాటు.

మొదట పెద్ద పుంజును పొట్టి పెట్టల్లో వదిలాడు. ఒక పెట్ట నడుము విరిగి చచ్చింది. ఇంకోదాని వీపు గీరుకుపోతే పసుపు మెత్తి ఊరుకున్నాడు. తర్వాత తిరగేసి పొట్టి పుంజును పెద్ద పెట్టల దగ్గరికి పంపాడు. పాపం, దానికి అందలేదు.

గోనెసంచి చిరుగులోంచి తొంగిచూస్తే గొయ్యి సంగతి అప్పుడు తెలిసింది. పెద్ద పెట్టను గోతిలో నిలబెట్టి తాత రెండు చేతులా పట్టుకున్నాడు. గట్టు మీద పొట్టి పుంజు మెడ నిక్కించి, పెళ్లిపీట ఎక్కే పిల్లాడిలా అటూ ఇటూ చూస్తోంది. నాకు నవ్వాగలేదు.

"నవ్వకురా, ఆనికి సిగ్గయితది!" అని తాత కసిరాడు.

"మరి దాచుడెందుకు?"

"నీ అసొంటోళ్ల దిష్టి దాకుతదని."

గుడ్లు పెట్టాక ఒక కోడిని పొదగేశాడు. మా ఊళ్లో అవ్వ వేసినట్టే వేశాడు. ప్లాస్టిక్ డబ్బాలో గడ్డి పరిచి, ఉరుముకు గుడ్లు చెడకుండా ఒక ఇనుప మేకు, దిష్టికి ఒక ఎండుమిరపకాయ పెట్టాడు. వేరే కోడి వచ్చి గుడ్డు పెట్టి పోతే కలిసిపోకుండా ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో గీత గీశాడు. ఎడారిలో ఇవన్నీ ఎవరికి అర్థమవుతాయి అన్న ఆలోచనే రాలేదు ఆయనకు.

నాసిర్ కంట్లో పడనే పడ్డాయి. డబ్బాను ముట్టుకోకుండా రెండడుగులు వెనక్కి వేశాడు.

"యా బోజన్! మేకు, మిరపకాయ, గీతలు! ఇది చేతబడి."

"లా, లా! ఉరుముకు," అన్నాడు తాత. ఉరుముకు అరబ్బీ మాట రాక, రేకు మీద దబదబా కొట్టి ఆకాశం చూపించాడు. నాసిర్ ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

శుక్రవారం అబూ నాసిర్ స్వయంగా వచ్చాడు. మేకు, మిరపకాయ తీయించి దూరంగా పారేయించాడు. గీతల సంగతి నేను నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. నాసిర్ నవ్వాడు. "అంటే ఏ గుడ్డు మీద కావాలంటే దాని మీద గీత గీసి ఇది పొట్టి పుంజుదే అంటాడన్నమాట." ముసలి కఫీల్ తాత ముఖంలోకి చాలాసేపు చూసి, ఏం పుడతాయో చూద్దామని వెళ్లిపోయాడు.

పిల్లలు పుట్టాయి. కాళ్లకు ఈకలున్నాయి. కానీ పెద్దజాతి పిల్లలు ఎంతుంటాయో అంతే ఉన్నాయి. గుడ్డు పెద్దదైతే లోపలి పిల్లా పెద్దదే అవుతుందని అప్పుడు మాకెవరికీ తట్టలేదు. తట్టిందల్లా అనుమానమే. పెద్ద పుంజు లోపలికి దూరిందని తాత నమ్మాడు.

"ఖాదరూ, నీళ్లు వోసినంక గేటు నువ్వే ఇడిసిపెట్టి పోయినవ్."

"నేనా? మీ మనవడ్ని అడుగు పెద్దాయనా. గొర్రెలు తోలేటోడికి గేటు ఏసే అలవాటుంటాదా?"

తాత నావైపు తిరిగాడు. నేను ఉండిపోవాలంటే ఆయన వెళ్లిపోవాలి కదా. ఆ లెక్క ఆయన కళ్లలో కనబడింది. నేను తెచ్చిచ్చిన చాయ్ తాగలేదు.

ఇఖామా గడువు దగ్గరపడ్డాక అబూ నాసిర్ మళ్లీ వచ్చాడు. ఒక పిల్లను అరచేతిలో పెట్టుకున్నాడు.

"బోజన్, నన్ను మోసం చేశావా?"

"వల్లా, మా ఆరిఫ్," అన్నాడు తాత. దేవుడి తోడు, నాకు తెలియదు అని. ఆయన ఎప్పుడూ ఒట్టు పెట్టడు. ఆ రోజు పెట్టాడు.

"మోసగాడు," అన్నాడు నాసిర్. "ఈ వారమే పంపేద్దాం."

"మోసగాణ్ని పంపేస్తే దారంతా నవ్వుకుంటూ పోతాడు," అన్నాడు ముసలి కఫీల్. "ఇవి ఎవరి పిల్లలో నాకు తెలియాలి. తెలిసేదాకా వీడు ఇక్కడే ఉంటాడు. ఇంకెవరినైనా పంపుకో."

ఇంకెవరు? నేనే. నా ఇఖామాను కోడిపిల్లలు తినేశాయి. బయల్దేరేటప్పుడు తాత నా బ్యాగు తానే మోసుకుని కారు దాకా వచ్చాడు.

"గేటు నువ్వు ఇడిసిపెట్టలే గదరా?" అన్నాడు మెల్లగా.

"పెద్ద పుంజును నువ్వు తోలలే గద తాతా?"

ఇద్దరం ఒకరినొకరం చూసుకుని నవ్వాం.

ఆ పిల్లలు పెరిగి తల్లికంటే చిన్నగా, పుంజుకంటే పెద్దగా తయారయ్యాయట. పొట్టి పుంజువే అనడానికి అది చాలు. తాత మాత్రం కఫీల్‌తో అలా అనలేదు. ఇంకో విడత పొదగేస్తే గానీ తేలదన్నాడట. ఆ పిల్లలతోనే మళ్లీ పిల్లలు చేయిస్తే ఒకటి ఇంతుంది, ఒకటి అంతుంది. అబూ నాసిర్ ప్రతి శుక్రవారం వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కోదాన్నీ పట్టి చూసి, తాత ముఖం చూసి, గడ్డం నిమురుకుంటూ వెళ్తున్నాడని ఖాదర్ ఫోన్లో చెప్పాడు. తాత ఇఖామా ఇంకోసారి కూడా రెన్యువల్ అయింది.

ఊళ్లో మా అవ్వకు ఇవేవీ ఎక్కవు. మొన్న తాతతో మాట్లాడుతుంటే నా ఫోన్ లాక్కుంది.

"ఏమయా, కోడిపిల్లలు ఇంకా పెరగలేదా?"

"ఇంకా తెలుస్తలేదే. జూడాలె."

"ఫొటో పెట్టు, నేను జూసి చెప్త."

అవతల కోళ్ల చప్పుడు వినిపించింది. తర్వాత సిగ్నల్ లేదంటూ తాత గొంతు, చాలా స్పష్టంగా.