మైల తీరని పిల్ల

మా బంధువుల్లో ఎవరింట్లో చావు జరిగినా నన్ను రెండో విడతలో పిలుస్తారు. మొదటి విడతలో ఏడ్చేవాళ్లు వస్తారు. వాళ్లు ఏడ్చి, కాఫీ తాగి, బస్సు వేళ కనుక్కొని వెళ్లిపోయాక, మిగిలినవాళ్లను కాస్త నవ్వించడానికి నేను కావాలి. బీఎస్సీ చదివినందుకు నాకు దక్కిన గుర్తింపు ఇదొక్కటే. హోసూరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో ఉద్యోగం కూడా ఉండేది గానీ దాని గురించి ఎవరూ అడిగేవారు కాదు.

తొంభైల చివర్లో మా అక్క పోయినప్పుడు మాత్రం రెండు విడతల్లోనూ నేనే ఉండవలసి వచ్చింది.

అక్కను ఇచ్చిన ఊరు కుందారపల్లి దగ్గర హైవే దిగి లోపలికి నడిస్తే వస్తుంది. మా బావవాళ్లు తరాలుగా అక్కడే సేద్యం చేస్తున్నారు. అప్పట్లో రాగి, టమాట కాస్త తగ్గించి మల్బరీ పెట్టి, పట్టుపురుగులు మేపుతుండేవారు. అక్క జ్వరంతో కృష్ణగిరి ఆసుపత్రికి బస్సులో కూర్చొని వెళ్లింది, వ్యానులో పడుకొని తిరిగొచ్చింది. జ్వరమే కదా అని వెళ్లేటప్పుడు ఎవరూ సాగనంపడానికి కూడా రాలేదు. ఇద్దరు పిల్లలు. పెద్దది ఐదో తరగతి. చిన్నోడికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి.

పరామర్శకు వచ్చినవాళ్లలో ఒకామె పెద్దదాన్ని ఒళ్లోకి లాక్కొని శోకం మొదలుపెట్టింది. "మీ అమ్మ యాడికి పోయిందే తల్లీ? ఎప్పుడు వస్తానని చెప్పిపోయిందే?"

పిల్ల కాసేపు ఆలోచించి, "చెప్పలే" అంది.

అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం దానికి బడిలో నేర్పిన మర్యాద. ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది.

చావుకు పురుగులు ఆగవు. ఆ వారం అవి గూడు కట్టడానికి ముందున్న దశలో ఉన్నాయి. అప్పుడు వాటికి ఆకలి తప్ప మరో సంగతి తెలియదు. పాడె లేచినా లేవకపోయినా ఆకు పడాల్సిందే. కానీ పురుగుల షెడ్డుకు మా వైపు దేవుడి గదికున్నన్ని కట్టుబాట్లు. చెప్పులు వద్దు. స్నానం చేయకుండా వద్దు. తిరగమోత వాసన కూడా సోకకూడదు. మైలలో ఉన్నవాళ్లయితే గడపే తొక్కకూడదు. అందుకని మాకు చుట్టరికం లేని పక్క తోట ఆమెను బతిమాలుకుంటే, పొద్దునా సాయంత్రం వచ్చి తట్టల్లో ఆకు వేసి పోయేది.

అంతకుముందు ఆ పని అక్కా, పెద్దదీ కలిసి చేసేవారు. బడి నుంచి రాగానే పిల్ల కాళ్లు కడుక్కొని షెడ్డులో దూరేది. అలవాటు కొద్దీ ఆ వారం కూడా ఒకరోజు కాళ్లు కడుక్కొంది. బావ తల్లి, పిల్లల అవ్వ, గడప దగ్గరే పట్టుకుంది.

"నువ్వు పోగూడదమ్మా. మనకు మైల. నువ్వు ముట్టుకుంటే పురుగులు సచ్చిపోతాయి."

ఇందులో కోపం లేదు. ఆకు తడిగా ఉంటే వేయకూడదని చెప్పినట్టే చెప్పింది. మైల ఎన్నాళ్లుంటుంది, ఎట్లా పోతుంది అన్నది మాత్రం చెప్పలేదు. పెద్దవాళ్లకు అది అడగకుండానే తెలుసు కాబట్టి పిల్లకూ తెలిసే ఉంటుందని అందరం అనుకున్నాం. అసలు ఎవరమూ ఏమీ అనుకోలేదు అనడం ఇంకా సరైన మాట.

కొద్ది రోజులకే పురుగులకు పాలరోగం వచ్చింది. ఒళ్లు ఉబ్బి, తెల్లటి పాలు కారి, తట్టలకు తట్టలు చచ్చాయి. బావ వాటిని గంపలకెత్తి గుంతలో పోసి సున్నం చల్లాడు. అవ్వ షెడ్డు బయట కూలబడి, ఎవరితోనూ కాకుండా, గాలితో అన్నట్టు అంది: "ఎవరో మైల మనిషి లోపలికి పోయినారు. లేకుంటే ఇట్ల అవుతుందా?"

పెద్దది అక్కడే నిలబడి ఉంది.

ఆ మర్నాడే పిల్లలిద్దరినీ మత్తూరులో వాళ్ల మేనత్త ఇంటికి పంపేశారు. దినాలు చూస్తే పిల్లలు బెదురుకుంటారని పెద్దలు తీర్మానించారు. బెదిరే పనులన్నీ అప్పటికే అయిపోయాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు. దినాల నాడు ఇల్లు కడిగారు, సున్నం కొట్టారు, అందరూ తలకు పోసుకున్నారు, అయ్యవారు వచ్చి ఇంట్లోవాళ్ల మీదా, గోడల మీదా, ఎద్దుల మీదా పుణ్యాహం నీళ్లు చల్లాడు. ఎద్దులకు కూడా మైల పోయింది. పిల్లలు తర్వాత ఎప్పుడో మేనత్తతో కలిసి మధ్యాహ్నం బస్సుకు వచ్చి దిగారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నేను వెళ్లాలని బావ అడిగాడు. "నువ్వొస్తే పిల్లోళ్లు నగుతారప్పా. నాకు చేతగాదు" అన్నాడు. ఆయనకు నిజంగానే చేతకాదు. ఆ రోజుల్లో ఆయన అన్నం తినడమే ఎవరో బలవంతంగా సంతకం పెట్టించుకుంటున్నట్టు ఉండేది.

ఒక ఆదివారం నేను కుందారపల్లిలో దిగేసరికి పిల్లలిద్దరూ ఎదురొచ్చారు. పెద్దది ముందు. దాని చేతిలో తువ్వాలు కొస. రెండో కొస పట్టుకొని వెనక చిన్నోడు.

"ఏమ్మా, బండి చెడిపోయిందా? లారీకి కట్టి లాక్కొస్తా ఉండావే?" అన్నాను.

సైకిలు పట్టుకొని నిలబడిన బావ నవ్వాడు. అక్క పోయాక నేను చూసిన మొదటి నవ్వు. దాంతో ఆ హాస్యం ఊళ్లో స్థిరపడిపోయింది. తువ్వాలుతో వాళ్లు బయటికొస్తే చాలు, ఊరి పిల్లలంతా నోటితో హారన్లు కొట్టేవారు. పెద్దది మాత్రం నవ్వేది కాదు.

ఇంట్లో కూడా అది మారింది. తమ్ముడి పళ్లేన్ని గరిటెతో ముందుకు తోసేది. వాడు ఎత్తుకోమని చేతులు చాస్తే అవ్వను పిలిచేది. తల తానే దువ్వుకునేది. అందరి నడుమ పడుకోకుండా తలుపు పక్కన గోనెపట్టా వేసుకునేది. అవ్వ దీన్ని ఊరందరికీ చెప్పుకునేది. "తల్లి పోయినాక ఎంత బుద్ధి వచ్చిందో చూడండమ్మా. ఎవురి మిందా పడదు, ఎవురినీ ఏమీ అడగదు."

వినేవాళ్లు మెచ్చుకునేవాళ్లు. నేనూ మెచ్చుకున్నాను.

ఒకసారి చిన్నోడు బోరు దగ్గర కాలువ దాటబోయి పడ్డాడు. మోకాలు చీరుకొని రక్తం వస్తోంది. రెండు చేతులూ పెద్దదాని వైపు చాపి గుక్కపట్టాడు. అది వాడికి మూరెడు దూరంలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకొని, వాడికంటే గట్టిగా ఏడుస్తోంది. "మామా, బిన్నా రా. వీణ్ని ఎత్తుకో మామా."

వాణ్ని ఎత్తుకొని, "నువ్వే ఎత్తుకోవచ్చు గదమ్మా. చేతులు బడిలో మర్చిపోయి వచ్చినావా?" అన్నాను.

"నేను ముట్టుకోగూడదు మామా."

"ఎందుకంట?"

"మైల గదా."

"అది ఎప్పుడో పోయిందమ్మా. దినాలు అయిపోలేదా?"

"మీకు పోయింది. మీరంతా ఈడ ఉండినారు. తలకు పోసుకున్నారు. అయ్యవారు నీళ్లు చల్లినారు. నేను ఆడ మత్తూరులో ఉండినాను గదా."

నేను కాలువ గట్టు మీద కూర్చున్నాను. దాని వాదనలో ఎక్కడా తప్పు కనిపించలేదు.

అది కాస్త దూరంగా కూర్చొని మెల్లగా మిగతాది చెప్పింది. "నేను పురుగుల దగ్గరికి పోయినాను మామా. ఆ రోజు పక్క తోటామె రాలే. అవి తలకాయలు ఎత్తి చూస్తా ఉండినాయి. ఆకలైతే అట్ల చూస్తాయి. ఒక్క తట్టకే వేసినాను. అన్నీ సచ్చిపోయినాయి."

పాలరోగం ఎట్లా వస్తుందో నాకు తెలిసినంత చెప్పాను. ఎండ ఎక్కువైంది, షెడ్డులో గాలి ఆడలేదు, ఆ నెల చుట్టుపక్కల ఊళ్లలో కూడా పురుగులు పోయాయి, పట్టు ఆఫీసు నుంచి వచ్చినాయన అదే చెప్పాడు. అది శ్రద్ధగా వింది.

"నిజంగానా మామా?"

"నిజంగానమ్మా."

"పోయిన వారం చెప్పినావే, హోసూరు బస్‌స్టాండులో ఎనుము టికెట్టు తీసుకొని కిటికీ పక్కన కూర్చోనిందని. అది గూడా నిజమే అన్నావు."

ఆ ఎనుమును నేను చాలా కష్టపడి తయారు చేశాను. దాని కొమ్ములు కిటికీలో ఇరుక్కోవడం దాకా చెప్పి, చివర్లో ఒట్టు కూడా వేశాను.

సాయంత్రం బావకూ అవ్వకూ విషయం చెప్పాను. బావ కొడవలి నూరుతూ విని, "షెడ్డులోకి పోయిందా" అని మాత్రం అన్నాడు. మళ్లీ నూరసాగాడు. అవ్వ మొహం నల్లబడింది.

"నేను దాన్ని అన్నానా అప్పా? పురుగులు పోతే కడుపు మండి నోట్లో ఏదో ఒకటి వస్తాది. దాన్ని అనలేదే."

"అది తననే అనుకొనింది. మైల లేదని నువ్వు చెప్పమ్మా. నా మాట నమ్మేలా లేదు."

"సుమ్నే, ఉత్త నోటితో చెప్తే పోతుందా? చేసేది చేస్తేనే పోతాది" అంది అవ్వ.

ఆ మాట నాకు నచ్చింది. కాలేజీ చదువు దాన్ని ఒప్పుకోకూడదు గానీ, పిల్ల జబ్బుకు పిల్ల భాషలోనే మందు వేయాలని నాకూ అనిపించింది. తర్వాతి ఆదివారం ఏర్పాటు చేశాం. వాకిట్లో పీట వేసి, పెద్దదాన్ని కూర్చోబెట్టి, అవ్వ నలుగు పెట్టి పసుపు నీళ్లు తల మీద పోసింది. అయ్యవారి దగ్గర తెచ్చిన నీళ్లు మామిడాకుతో చల్లింది. పిల్ల కళ్లు గట్టిగా మూసుకొని, ఒక్క చుక్క కూడా పక్కకు పోకుండా చూసుకున్నట్టు కదలకుండా కూర్చుంది. ఉతికిన గౌను వేశారు.

"పోయింది తల్లీ. అంతా పోయింది. ఇంక నీ తమ్ముణ్ని ఎత్తుకో" అంది అవ్వ.

చిన్నోడు చేతులు చాపుకొని పరిగెత్తాడు. అది ఒక అడుగు వెనక్కి వేసింది.

"పురుగులది పోయింది గదా అవ్వా?"

"పోయిందమ్మా."

"మరి అమ్మది?"

"అమ్మది ఏమే?"

"జ్వరం వచ్చినప్పుడు అమ్మ పక్కన నేనే గదా పడుకోనింది. చెయ్యి పట్టుకో పాపా అనింది. పట్టుకున్నాను. తెల్లారి ఆస్పత్రికి పోయింది."

అవ్వ చెంబు కింద పెట్టేసింది. బావ లేచి తోటలోకి వెళ్లిపోయాడు. ఆయన భుజాలు మల్బరీ వరసల మధ్య కాసేపు కనిపించి, ఆ తర్వాత కనిపించలేదు. అవ్వ నా వైపు చూసింది. ఇట్లాంటి చోట్లకే కదా నన్ను పిలిచేది. నేను నోరు తెరిచి, "నీ చెయ్యి వల్ల కాదమ్మా" అన్నాను. పిల్ల నన్ను జాలిగా చూసింది, పాపం మామకు ఈసారి కథ సరిగా కుదరలేదు అన్నట్టు.

మధ్యాహ్నం అది పంచలో గోడకానుకొని కూర్చొని ఉంటే, చిన్నోడు నిద్రకళ్లతో వచ్చి, అది లేచేలోపే దాని ఒడిలో తల పెట్టి పడుకున్నాడు. లేస్తే వాడు లేస్తాడు. అది రెండు చేతులూ పైకెత్తి, వాడికి తగలకుండా గాలిలో పెట్టుకొని కూర్చుంది. చేతులు కిందికి జారినప్పుడల్లా మళ్లీ ఎత్తుకుంటోంది. వాడు హాయిగా గురక పెడుతున్నాడు.

నేను వెళ్లి పక్కన కూర్చొని దాని మోచేతుల కింద నా అరచేతులు ఆనించాను. అది ఉలిక్కిపడింది.

"తీయి మామా. నువ్వు సచ్చిపోతావు."

"చూద్దాంలేమ్మా."

నేను నవ్విస్తున్నానేమో అని అది నా మొహంలోకి తేరిపార చూసింది. నవ్వు దొరకలేదు. వాడు లేచేదాకా ఇద్దరం అట్లాగే కూర్చున్నాం.

తర్వాతి ఆదివారం కుందారపల్లిలో బస్సు ఇంకా ఆగకముందే అది కనిపించింది. కిటికీలన్నీ వెతుకుతోంది. నేను దిగగానే తల నుంచి కాళ్ల దాకా చూసింది.

"వచ్చినావా మామా."

"వచ్చినానమ్మా. బాగానే ఉండాను. చూడు." చెయ్యి చాపాను.

పట్టుకోలేదు. "ఇంకో వారం చూద్దాం" అంది.

ఆ తర్వాతి ఆదివారమూ నేను బతికే దిగాను. ఆ పై ఆదివారమూ అంతే. ఇంక నమ్మకం కుదిరి ఉంటుందని, బస్సు దిగుతూనే, "ఇన్ని వారాలు అయింది గదమ్మా, నాకేమైనా అయిందా?" అని అడిగాను.

అది ఆ సంగతి ముందే ఆలోచించి పెట్టుకొని ఉంది.

"అమ్మ గూడా రోజూ నా పక్కనే పడుకొని చానా దినాలు బాగానే ఉండింది గదా మామా" అంది.

బస్సు కృష్ణగిరి వైపు వెళ్లిపోయింది. చిన్నోడు ఎత్తుకోమని చేతులు చాపాడు. నేనే ఎత్తుకొని దాని వెనక నడిచాను.