మేడమ్‌కి రెండు ప్లాట్లు

జేబులో రెండు పెన్నులు, చంకలో చుట్టిన లేఅవుట్ మ్యాపు లేకుండా త్రినాధరావు అనకాపల్లిలో ఎవరికీ కనబడడు. 2007లో మాడుగుల రోడ్డున చెరుకుతోట చదును చేసి, భార్య శ్రీదేవి నగలమ్మిన మూడు లక్షలు కలుపుకుని వేసిన వెంచరు రెండేళ్ళకే మునిగింది. కాపురమూ దాని వెనకే పోయింది. హద్దురాళ్ళ మధ్య చెరుకు మళ్ళీ మొలిచింది గానీ, మ్యాపులో పార్కు ఇంకా పచ్చగానే ఉంది. విడాకులయ్యాక ఆమెను 'మేడమ్' అంటున్నాడు. ఆ ఆదివారం బాకీ తీరుస్తానని ఆమె ఇంటికి వెళ్ళి, డబ్బుకు బదులు టీపాయ్ మీద మ్యాపు పరిచాడు.

"రెండు ప్లాట్లు రాసిచ్చేత్తాను మేడమ్. తూర్పు ఫేసింగు, ఈశాన్యం పెరిగింది," అంటూ గాలిలో చేత్తో నలభై అడుగుల రోడ్డు వేశాడు. కొనేవాళ్ళు పలకనప్పుడు ఏమనాలో అతని నోటికి అలవాటే. "మీరు వద్దంటే మూడు పార్టీలు రెడీగా ఉన్నాయి. సాయంత్రానికి ఉండవు."

"అయితే ఆళ్ళకే అమ్మేసి, సాయంత్రానికి నా డబ్బులు అట్టుకొచ్చీండి," అందామె.

త్రినాధరావు మ్యాపు చుట్టాడు. అలవాటు కొద్దీ విజిటింగ్ కార్డు పెట్టి లేచాడు. అందులో పార్టనర్‌గా ఆమె పేరు ఇంకా అలాగే ఉంది.