కారం పొట్లం మీద పేరు

ఫిబ్రవరి పద్దెనిమిది. నరసరావుపేట, వర్తక సంఘం హాలు. హాజరైనవారు: కిరాణా హోల్‌సేల్ కొట్టు నడిపే సంఘం పెద్ద, బ్యాంకు మేనేజరు, ఉపన్యాసానికి పిలిపించిన రిటైర్డ్ లెక్చరరు, మా వీధిలో కారం పట్టి అమ్మే ఆమె, ఆమె దరఖాస్తు రాసిపెట్టిన నేను.

డైరీలో ఇంతవరకే అక్షరాలు కుదురుగా ఉన్నాయి. ఆ కింద కోపంతో రాశాను.

ఆమె పదేళ్ళుగా మిర్చి యార్డులో తొడిమలు తీసే కూలీ. రెండేళ్ళ కిందట అద్దె మిల్లులో కారం పట్టించి, పొట్లాల మీద తన పేరు అచ్చు వేయించి అమ్మడం మొదలుపెట్టింది. మా వీధీ, ఆమె వెళ్ళే చర్చివాళ్ళూ అదే వాడతారు. సొంత మిల్లు కోసం బ్యాంకు అప్పు కావాలి. కొత్త పంట కోల్డ్ స్టోరేజీలకు ఎక్కకముందే కాయ కొనుక్కోవాలి. ఆ తర్వాత ధర ఆమెకు అందదు. పేరున్న వ్యాపారి ఎవరైనా నెలనెలా సరుకు కొంటానని కాగితం రాసిస్తే అప్పు ఇస్తానన్నాడు మేనేజరు. ఆ కాగితం కోసమే వచ్చాం.

సొంత వ్యాపారం గురించి లెక్చరరు గంటన్నర మాట్లాడాడు. “ధైర్యముంటే చాలమ్మా, మిగతాదంతా అదే వస్తుంది” అన్నాడు. ఆమెకు అప్పటికే పూట కూలీ పోయింది.

సంఘం పెద్ద చిటికెడు కారం నాలుక మీద వేసుకున్నాడు. “చానా బాగుందమ్మా. రంగు కూడా ఉంది. చూద్దాం.”

“ఎప్పుడు చూస్తారయ్యా?”

“తొందరేంది? వ్యాపారమంటే ఓపిక.”

నేను ఆగలేకపోయాను. నిరుడు ఆయన మేనల్లుడు కొట్టు తెరిచినప్పుడు నా కళ్ళతో చూశాను. ఆరు కొట్ల నుంచి సరుకు అరువు మీద దిగింది. మొదటి వారమంతా రోజుకో పెద్దాయన గల్లాపెట్టె పక్కన కూర్చుని, ఎవరికి అరువివ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో ఆ కుర్రాడి చెవిలో చెప్పాడు.

“మీ మేనల్లుడికి ఓపిక గురించి ఎవరు చెప్పారు?” అన్నాను.

“మా పిల్లోడు వేరు పెద్దాయనా. వాళ్ళ తాత కాడ్నించి తెలుసు మాకు.”

“ఈమె పదేళ్ళుగా మీ సరుక్కే తొడిమలు తీస్తోంది. తెలియదా?”

“తొడిమలు తీసేవాళ్ళు వందమంది. అందరికీ కాగితాలు రాస్తా కూచుంటే నేను కొట్టు మూసుకోవాల.”

అందరూ నవ్వారు. “ఆవేశం వద్దు మాస్టారూ” అన్నాడు లెక్చరరు. నేను మాస్టర్ని కాను, మండలాఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరైనవాణ్ణి. ఎవరితో మాట్లాడుతున్నాడో కూడా కనుక్కోని మనిషి దారి చూపడానికి వచ్చాడు! ధైర్యం ఆమె దగ్గర కావలసినంత ఉంది. లేనిదల్లా తెలిసినవాడి మాట సాయం. అది వీళ్ళ జేబుల్లో ఉంది. దాన్ని బయటికి తియ్యకుండా టీ తాగి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున ఆరున్నరకి సంఘం పెద్ద గుమాస్తా కాగితం పట్టుకుని ఆమె ఇంటికొచ్చాడు. ఆమె నన్ను పిలిచి చదివించుకుంది. నెలనెలా సరుకు కొంటాం, కాని పొట్లం మీద మా కొట్టు పేరే ఉండాలి అని రాసి ఉంది.

“ఒప్పుకో అమ్మా. ముందు మిల్లు రానీ. పేరుదేముంది?” అన్నాను.

“నువ్వు కూడానా బాబాయ్? రేపు ఆయన వద్దంటే ఆ కారం నాదని ఎవరికి తెలుసుద్ది? మళ్ళీ తొడిమలేగా!” కాగితం నా చేతిలో పెట్టి, క్యారియర్ తీసుకుని యార్డు ఆటో ఎక్కింది.

నా మీద నాకే ఒళ్ళు మండింది. గుమాస్తా వెంట కొట్టుకు నడిచాను. ఆయన అప్పుడే షట్టరెత్తి అగరొత్తులు వెలిగిస్తున్నాడు. ఎదురు బల్ల మీద కూర్చుని, “ఆ పేరు లైను కొట్టెయ్” అన్నాను.

“పొద్దున్నే ఏంది పెద్దాయనా? ఇంకా బోణీ కూడా కాలా.”

అది తెలిసే కూర్చున్నాను. ఇక్కడ బోణీకి ముందు ఎవరినీ లేదని పంపరు. చింతపండు కోసం ఒకావిడ వచ్చి నిలబడింది. “ముందొచ్చింది నేను. కుదరదని ఒక్క మాట చెప్పు, లేచిపోతా” అన్నాను. ఆ మాట ఆయన నోట రాలేదు. ఆవిడ వంకా నా వంకా చూసి, కాగితం లాక్కుని లైను కొట్టేసి, పక్కన సంతకం చేసి ముద్ర గుద్దాడు.

“తీసుకుపో. ఇంకోసారి బోణీకి ముందు రామాకు.”

ఆమె కారం రుచికి రావలసిన సంతకం అది. బోణీ భయానికి వచ్చింది.

యార్డుకు వెళ్ళి కాగితం చూపించాను. కొట్టేసిన లైను మీద వేలు పెట్టి, పక్కన సంతకం ఉందా అని రెండుసార్లు అడిగింది. తర్వాత మేస్త్రీతో పూట సెలవు చెప్పొచ్చి, “పదిన్నరకి బ్యాంకు కాడ ఉండు బాబాయ్” అంది.