రెండు బ్రౌజర్లూ ఒక పెళ్ళీ

రండి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. టీ చల్లారితే మళ్ళీ వేడిచేసి ఇస్తాను గానీ, ఈ ముచ్చట సగంలో లేచి వెళ్ళేవాళ్ళకు మాత్రం చెప్పను. ఆ రోజుల్లో మేము సౌదీలో అల్ ఖోబర్‌లో, అజీజియా వైపు ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్ళం. నాకు పెళ్ళై ఎంతోకాలం కాలేదు. చదువు ఏడో తరగతి దగ్గరే ఆగిపోయింది, ఆ లోటంతా ఉత్సాహంతో పూడ్చేదాన్ని. మా ఆయన ఏసీలు బాగుచేసే చిన్న కంపెనీలో పని. మనుషులకు జ్వరం చూసినట్టు అక్కడ కంపెనీలకు రంగు చూస్తారు. ఆ దేశం వాళ్ళను తగినంత మందిని పనిలో పెట్టుకున్న కంపెనీ పచ్చ, పెట్టుకోనిది ఎరుపు. మా వాళ్ళది మిరపపండు ఎరుపు. ఎరుపులో పడితే ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, కొత్తది చేయరు, ఇఖామా లేకపోతే ఊరెళ్ళి తిరిగొచ్చే రీ-ఎంట్రీ రాదు. దానికి తోడు పెళ్ళాం పిల్లల మీద కూడా నెలనెలా లెవీ కట్టమనడంతో మా మేడలో కుటుంబాలు ఒక్కొక్కటే పెట్టెలు కట్టాయి. ఉన్న కొద్దిమందిమీ మెట్ల మీద ఎదురుపడితే "ఇంకా ఉన్నారా?" అని పలకరించుకునేవాళ్ళం.

సరిగ్గా అప్పుడే మా చిన్నాడపడుచు పెళ్ళి కుదిరింది. మామగారు లేరు. అందుకని చర్చిలో పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాల్సింది మా ఆయనే. చిన్నప్పుడు ఆ పిల్లను సైకిల్ మీద బడికి దింపింది కూడా ఆయనేనట. రీ-ఎంట్రీ వస్తుందన్న ఆశతో కోటు కూడా కుట్టించుకున్నారు. కోటు వచ్చింది గానీ రీ-ఎంట్రీ రాలేదు. వెళ్తే ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళాలి, మళ్ళీ రావడం ఉండదు. ఆ కోటు తలుపు వెనక మేకుకు వేలాడుతుంటే, మా ఆయన వస్తూ పోతూ దాన్ని చూడనట్టు నటించేవారు.

"ఒరేయ్ తమ్ముడూ, దిగులెందుకు? ఫొటో స్టూడియో వాళ్ళు లైవు పెడతారంట, మీరక్కడ కూర్చునే చూడొచ్చు," అని ఊరి నుంచి మా పెద్ద వదిన ఫోన్ చేసింది. (వదిన అంటే మా ఆయన అక్క. ఆవిడ ఫోన్లో మాట్లాడితే ఫోన్ అక్కర్లేదు, అంత గొంతు.) ఫోన్లో వీడియో మాట్లాడదామంటే ఆ ఊళ్ళో సిగ్నలు మనిషి ముఖాన్ని ముక్కలు చేసి పంపేది. కాబట్టి లైవే దిక్కు. మా దగ్గరున్న పాత లాప్‌టాప్‌లో ఆ స్టూడియో పేజీ తెరిచి, వేరేవాళ్ళ పెళ్ళి ఒకటి చూసి పరీక్షించాం. వరుడు తాళి పట్టుకుని ముందుకు వంగాడో లేదో, తెర మీదకు వేయించిన కోడి యాడ్ వచ్చి కూర్చుంది. ఆ కోడి వెళ్ళేసరికి అక్కడ భోజనాలు నడుస్తున్నాయి. మా ఆయన లాప్‌టాప్ మూసేసి, "మా చెల్లి పెళ్ళికి కూడా ఇలాగే కోడిని చూడాలేంటే?" అన్నారు. నవ్వుదామనుకున్నాను గానీ ఆయన గొంతు విని ఆగిపోయాను.

ఎదురింట్లో హైదరాబాదు కుర్రాడు ఒకడుండేవాడు. ఏదో ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాడు, అందుకని అందరికీ కంప్యూటర్ భాయి. వచ్చి, చూసి, పెదవి విరిచాడు.

"అన్నా, ఇండ్ల యాడ్ బ్లాకర్ ఉండె గని ఇగ నడ్వది. బ్రౌజర్ చేసినోళ్ళే దాన్ని బంద్ చేసిండ్రు. వేరే బ్రౌజర్ ఏస్త, అండ్ల మస్తుగ నడుస్తది."

మా ఆయన ముఖంలో రంగు మారింది. "మారిపోవచ్చంటావా భాయ్? దీని దగ్గర రిలీజు తీసుకోవద్దా?"

"రిలీజేందన్నా?"

"ఇన్నాళ్ళూ దీని కిందే ఉన్నాం కదా. చెప్పకుండా ఇంకోదాని దగ్గరికి పోతే హురూబ్ పెట్టెయ్యదూ?" (రిలీజంటే వేరే కంపెనీకి పొమ్మని కఫీలు, అంటే మనల్ని పనిలో పెట్టుకున్న యజమాని, ఇచ్చే అనుమతి. హురూబంటే పనివాడు పారిపోయాడని అతను రాసిచ్చే ఫిర్యాదు. ఆ మాట వింటే మా మేడలో అన్నం తినేవాళ్ళ చేతులు ఆగిపోయేవి.)

"ఇది బ్రౌజర్ అన్నా, కఫీల్ గాదు!" అని భాయి కడుపు పట్టుకున్నాడు. నేను నవ్వలేదు. నాక్కూడా అదే అనుమానం మరి. కొత్త బ్రౌజర్ తెరవగానే, పాతదాంట్లో ఉన్నవన్నీ ఇటు తెచ్చుకోనా అని అడిగింది. "వద్దు వద్దు," అని మా ఆయన రెండు చేతులూ ఊపారు. "పాత కంపెనీ సామాను ఒక్కటి కూడా రాకూడదు, దొంగతనం అంటారు." పోనీ పాతదాన్ని తీసేద్దామా అంటే దానికీ ఒప్పుకోలేదు. "దాని మానాన దాన్ని ఉండనీ భాయ్. రేపు ఇది వెళ్ళగొడితే ఎక్కడికి పోతాం?"

కొత్త బ్రౌజర్ మాత్రం బంగారం. యాడ్లు చప్పుడు లేకుండా పోయాయి. ఒకటీ అరా మిగిలినవాటికి భాయి నాకొక ఉపాయం నేర్పాడు. మూలనున్న చిన్న బొమ్మ నొక్కి, తెర మీద మనకు గిట్టనిదాని మీద నొక్కితే అది మాయమైపోతుంది. "భాబీ, ఒక్కపాలి కొడితే మళ్ళ రాదు, జర సూస్కొని కొట్టుండ్రి," అన్నాడు. నేను దానికి చీపురు అని పేరు పెట్టుకున్నాను. చేతికి చీపురొచ్చాక ఊరుకునే ఆడదాన్నా? వార్తల పేజీ ఊడ్చాను, వంటల పేజీ ఊడ్చాను. వంటల పేజీలో చివరికి గిన్నె మిగిలింది, కూర పోయింది.

పెళ్ళి శుక్రవారం పొద్దున. మాకు సెలవు, మేడంతా మంచి నిద్రలో ఉంది. నేను పొద్దున్నే తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, లాప్‌టాప్‌కు బొంత మడిచి పీట వేసి, ఎదుట చీపురుతో కూర్చున్నాను. మా ఆయన లోపలి గదిలో ఆ కోటు తొడుక్కుని టైతో కుస్తీ పడుతున్నారు. స్టూడియో పేజీలో చర్చిలోని ఒక బల్ల, దాని మీద పూలు కనిపిస్తున్నాయి, అంతే. ఉన్నట్టుండి తెరంతా తెల్లటి పొగ కమ్మింది. ఆ పొగలోంచి తళతళలాడే తెల్లచీరలో ఒక అమ్మాయి నెమ్మదిగా, గాల్లో తేలినట్టు నడిచొస్తోంది. చుట్టూ పూలరేకులు రాలుతున్నాయి. చీర మీద మచ్చ లేదు, మడత లేదు. ఇంత తెలుపు నేను ఒక్క బట్టల సబ్బు ప్రకటనల్లోనే చూశాను. 'అమ్మ దొంగా, కొత్త బ్రౌజర్లోకి కూడా దూరావా!' అనుకుని చీపురెత్తి ఒక్కటి వేశాను. పొగ పోయింది. చీర పోయింది. వీడియో ఆడే పెట్టెకు పెట్టే పోయి, తెర సున్నం కొట్టిన గోడలా మిగిలింది.

అంతలో ఫోన్ మోగింది. "ఏవమ్మాయ్! చూశారా? చెల్లి లోపలికొచ్చేసింది!"

"ఎక్కడ వదినా? మాకింకా కనపడలేదే."

"కళ్ళు కనపడట్లేదా ఏంటే? తెల్లచీరలో, పొగలోంచి వస్తోంది చూడు! పార్లరోళ్ళు మనమ్మాయిని గుర్తుపట్టకుండా చేసేశారనుకో!"

అప్పుడే మా ఆయన టై సర్దుకుంటూ బయటికొచ్చారు. "ఏది, మొదలైందా?"

"ఏవండీ," అన్నాను, "మీ చెల్లెల్ని... ఊడ్చేశాను."

పేజీ మళ్ళీ మళ్ళీ తెరిచాను, ఆ సున్నం గోడే వచ్చింది. ఒక్కసారి కొడితే మళ్ళీ రాదని భాయి ఊరికే అన్నాడా? ఎదురింటి తలుపు బాదొచ్చాను, లోపలి నుంచి గురక తప్ప జవాబు లేదు. ఫోన్లో వదిన, "ఇప్పుడు మన బాబాయి చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడురా, నువ్వు నడిపించినట్టే అనుకో," అంటోంది. మా ఆయన లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, "పాతది తియ్యి," అన్నారు.

పాత బ్రౌజర్ అలిగిన అత్తగారిలా మెల్లగా తెరుచుకుంది. స్టూడియో పేజీ అందులో భద్రంగా ఉంది. కానీ దాని ముందు కోడి వచ్చింది. కోడి తర్వాత అత్తరు సీసా వచ్చింది. ఫోన్లో పాటలు ఆగిపోయి, "తాళి చేతికిచ్చారు రోయ్!" అని వదిన అరిచింది. అత్తరు వెళ్ళి డైపరు కట్టుకున్న పిల్లాడు వచ్చి, అరబ్బీ పాటకు పాకడం మొదలుపెట్టాడు. మా ఆయన కోటుతో నేల మీద మోకాళ్ళూని, వాడికి దణ్ణం పెడుతూ, "ఖలాస్ బాబూ, ఖలాస్! నీకు పుణ్యముంటుంది, పోరా నాయనా!" అని బతిమాలారు.

వాడు పోయాడు. చూసేసరికి వరుడి చేతులు ఆ పిల్ల మెడ వెనక ఉన్నాయి, ముడి బిగుస్తోంది. మా ఆయన మోకాళ్ళ మీదే ఉండి, కుడిచెయ్యి ఎత్తి తెర మీద ఆ పిల్ల తల దగ్గర పెట్టారు. ముడి పడగానే ఆ పిల్ల అందర్నీ వదిలేసి తలెత్తి నేరుగా కెమెరాలోకి చూసింది. అన్నయ్య అందులో ఉన్నాడని వదిన ముందే చెప్పిందట. చేతులు జోడించి, చిన్నగా నవ్వి, ఏదో అనబోయింది. అంతలో డైపరు పిల్లాడు మళ్ళీ పాక్కుంటూ వచ్చేశాడు.

సరిగ్గా అప్పుడు కంప్యూటర్ భాయి కళ్ళు నలుపుకుంటూ లుంగీతో వచ్చాడు. నన్ను చూశాడు, తెర చూశాడు, కోటు వేసుకుని మోకాళ్ళ మీద వెక్కివెక్కి ఏడుస్తున్న మా ఆయన్ని చూశాడు. "అన్నా, డైపర్ యాడ్ జూసి ఏడుస్తున్నవేందన్నా?" అన్నాడు. ఏడుపులోంచే నవ్వొచ్చేసింది ఆయనకు. ఆ నవ్వు చూశాకే నాకు ఊపిరి ఆడింది.

తర్వాత మా ఆయనకు వేరే కంపెనీ దొరికింది, రిలీజు కూడా దొరికింది. ఆడపడుచు దగ్గరికి ఎన్నిసార్లో వెళ్ళొచ్చాం. ఆ పిల్ల ఇప్పటికీ నేను కనపడగానే, "వదినా, చీపురు తెచ్చావా?" అంటుంది. మా కంప్యూటర్లో రెండు బ్రౌజర్లూ ఇప్పటికీ ఉన్నాయి. కొత్తదాంట్లో వంటలు చూస్తుంటే ఎప్పుడైనా ఎక్కడినుంచో ఒక తెల్లచీర తేలుకుంటూ వస్తుంది. అది సబ్బు ప్రకటనేనని నాకు తెలుసు, అయినా చెయ్యి ఆగిపోతుంది. పక్కనుంచి మా ఆయన, "ఉండనీవే, ఎవరి చెల్లెలో ఏమో," అంటారు. చివరిదాకా చూస్తాం, ఇద్దరం.

మీ ఇంట్లో పెళ్ళి అయినప్పుడు మీ వాళ్ళు ఏ తెర వెనకా కాకుండా మీ పక్కనే నిలబడాలి. మీ పిల్లల తలల మీద మీ చేతులే నేరుగా పడాలి. చల్లగా ఉండండి.